కొల్లేటి పడవలో సీత పాట, ఒక్క బ్యాటరీతో

మా ఆడపడుచు సీత బెజవాడ రేడియోలో పాడబోతోందని తెలియగానే మామ్మగారు కబురంపారు: "ఊరందరికీ వినపడేలా ఆడపిల్ల పాడటమేమిటి? నాకిష్టం లేదు." మామ్మగారంటే మావారి నాయనమ్మ. సీతని పెంచిందీ, ఆ పాట నేర్పిందీ ఆవిడే. ఆవిడ కాదంటే మా మామగారు రెండోసారి పాడనివ్వరు. "వదినా, ఒక్కసారి ఆవిడకి వినిపించు చాలు" అని సీత నన్ను బతిమాలింది. మామ్మగారు ఉండేది కొల్లేటి నడుమ లంకలో. అక్కడ కరెంటు లేదు. అందుకే రేడియోనీ, దానికి కావలసిన బ్యాటరీనీ వెంటబెట్టుకుని బయలుదేరాం.

తాడేపల్లిగూడెంలో పొద్దున్నే పాసింజరు ఎక్కి ఏలూరులో దిగాం. మావారు బస్సుల షెడ్డులో మెకానిక్కు. అక్కడ అడిగి తెచ్చిన బస్సు బ్యాటరీని గోనెసంచిలో చుట్టి, ఒరగకుండా ఇద్దరి కాళ్ళ మధ్యా పెట్టుకున్నాం. ఒరిగితే లోపలి ఆసిడ్ కారి చీరలు చిల్లులు పడతాయి. స్టేషను నుంచి జట్కాలో కొల్లేటి గట్టుకి చేరేసరికి ఎండెక్కింది. సూరన్న అనే ఆయన గూటి పడవని రెండు రోజులకి మూడు రూపాయలిచ్చి మాట్లాడుకున్నాం. తాటాకు గూడు కింద ఇద్దరు హాయిగా పడుకోవచ్చు, వెనకవైపు మట్టిపొయ్యి మీద వండుకోవచ్చు.

పడవ కదలగానే మావారు సంచిలోంచి బస్సు హారన్, హెడ్‌లైటు బల్బు తీశారు. అవి తెచ్చినట్టు నాకు చెప్పనేలేదు. హారన్ మోగగానే తుంగలోని పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి.

"బాబుగారూ, ఇది పడవాండీ, ఏలూరు బస్సాండీ?" అన్నాడు సూరన్న.

"ఎదురొచ్చేవాళ్ళు తప్పుకోవద్దటోయ్!"

"వచ్చేవి చేపలేనండి. అవెలాగూ తప్పుకుంటాయి."

నేనూ నవ్వాను గానీ, నా చూపు బ్యాటరీ మీదే ఉంది. సాయంత్రం సీత పాటకి కావలసిందీ అందులోదే కదా.

మధ్యాహ్నం పడవలోనే చేపల పులుసు వండుకుని తిన్నాం. లంక చేరేసరికి పొద్దు వాలింది. హారన్ విని జనమంతా రేవుకి వచ్చేశారు. మామ్మగారు చేతికర్రతో పడవలోకి దిగి గూటి కింద కూర్చున్నారు. "మీ పెట్టె పాడితే వింటాను. పాడకపోతే ఈ మాట మళ్ళీ నా దగ్గర ఎత్తకండి" అన్నారు.

మావారు బల్బు వెలిగించారు. హారన్ మళ్ళీ కొట్టమని రేవులో ఒకటే గోల. కొట్టారు. ఈసారి పడిశం పట్టినట్టు బొంగురుగా మూలిగింది. బల్బు ఎర్రబడింది.

"ఏవండీ, ఇంక చాలండీ" అన్నాను మెల్లగా.

"ఒక్కసారేనే. పాపం, అందరూ సరదాపడుతున్నారు."

పెద్దవాళ్ళ ముందు ఆయనతో వాదించడం నాకు చేతకాదు. వంగి, బ్యాటరీ నుంచి హారన్ తీగ, బల్బు తీగ ఊడదీసి రొంటిన దోపుకున్నాను.

"అయ్యో, దీపం ఆరిపోయిందే!" అన్నారెవరో.

"ఆరిపోలేదండీ. మిగతాది సీతకి" అన్నాను.

మావారు నావైపు ఒక్క క్షణం చూసి, నవ్వేసి, రేడియో ఏరియల్ తీగని పైకెత్తిన పడవ గెడకి కట్టారు. ఎర్తు తీగని ఇంటి దగ్గరైతే తడి నేలలో పాతుతాం. ఇక్కడ దాన్ని ఇనప గరిటెకి చుట్టి కొల్లేట్లోకి వదిలాను. వాడకుండా కాసేపు వదిలేస్తే బ్యాటరీ కొంచెం తేరుకుంది. వేళకి రేడియో పెడితే సన్నగా సీత గొంతు వచ్చింది. మామ్మగారు పెట్టెకి చెవి ఆనించి ఆఖరి దాకా కదలకుండా విన్నారు.

"చివరి చరణం పరిగెత్తించింది" అన్నారు.

ఇంక కాదంటారనే అనుకున్నాను.

"అక్కడ ఊపిరి తీసుకోమని నేర్పలేదూ? ఈసారి పాడేటప్పుడు నిదానించమను."

"ఈసారాండీ, మామ్మగారూ?"

"మరి? ఇలా పాడి వదిలేస్తే నా పరువేం కాను!"

వెలుతురుకి పడవలోని లాంతరు సరిపోయింది. దారి తప్పుకోమనడానికి సూరన్న కేక చాలు. సీత గొంతు లంక దాకా రావడానికి మాత్రం ఆ బ్యాటరీ తప్ప మాకు వేరే దారి లేదు. కరెంటు లేని చోటికి వెళ్ళేటప్పుడు, బ్యాటరీ ఏ పని కోసమో ఇంట్లోనే తేల్చుకుని బయలుదేరితే ఏ ఇబ్బందీ ఉండదని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. మీరూ పడవలో రేడియో పెట్టుకోదలిస్తే ఎర్తు తీగకి ఇనప గరిటె కట్టి నీళ్ళలో వదలండి, గొంతు బాగా పలుకుతుంది. కాకపోతే గరిటెలు రెండు తీసుకెళ్ళండి. ఆ పూట మామ్మగారికి మిగిలిన పులుసు కొబ్బరిచిప్పతో వడ్డించాల్సి వచ్చింది.