కావేరి మెట్ల మీద మార్కండేయులు

ధర్మవరంలో మార్కండేయులుకు చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత దురుసు. మగ్గం గుంటలో కూర్చుని, వీధిన పోయేవాళ్లను పిలిచి మరీ బుద్ధులు చెప్పేవాడు. పెండ్లాన్ని ఎలా ఏలుకోవాలో కూడా చెప్పేవాడు. అలాంటి మనిషి పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం తర్వాత ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. వయసు మీద పడిందని వీధివాళ్లు అనుకున్నారు. వయసుకేమొచ్చింది, నలభై కూడా నిండలేదు! సంగతి వేరే ఉంది.

ఆ ఏడు మైసూరు బట్టల షావుకారు ఆదినారాయణ శెట్టి తన కూతురి పెండ్లికి చీర నేయమన్నాడు. వంకాయ రంగు చీర, పసుపు అంచు, అంచు పొడుగునా జరీ హంసలు. మార్కండేయులు నేస్తుంటే భార్య అంజనమ్మ కండెలు చుట్టింది, తెగిన పోగులు అతికింది. నిజం చెప్పాలంటే చీరలో సగం ఆమె చేతి పనే. అయినా నేసేవాళ్ల ఇంటి ఆడవాళ్లకు పట్టు కట్టే యోగం ఎక్కడిది? ఆమె పెండ్లికి కట్టింది కూడా నూలు చీరే.

చీర ఇచ్చిరావడానికి పోతూ ఈసారి మార్కండేయులు ఆమెను కూడా రైలెక్కించాడు. దారిలో శ్రీరంగపట్నంలో దిగి, కావేరిలో మునిగి, రంగనాథుణ్ణి చూసి, సాయంత్రం బండికి మైసూరు చేరాలని అనుకున్నారు. అంజనమ్మ అంతవరకు రైలెక్కి ఎరగదు. పెనుకొండ కోటను కిటికీలోంచి చూసినప్పుడే ఆమె సగం యాత్ర చేసినంత సంబరపడింది.

శ్రీరంగపట్నంలో నది రెండు పాయలై ఊరిని చుట్టుకుని పారుతోంది. రాజులేలిన ఊరని పేరేగానీ కోటగోడల మీద మేకలు మేస్తున్నాయి. ఇద్దరూ మెట్ల దగ్గర మునిగారు. అంజనమ్మ సంచిలోంచి తన నూలు చీర తీయబోతుంటే మార్కండేయులుకు ఒక బుద్ధి పుట్టింది.

"ఆ పట్టుచీర కట్టుకోమే, ఒక్క పూట."

ఆమె హడలిపోయింది. కట్టి విడిచిన చీరను కొత్తదని పెండ్లికూతురికి ఎట్లా ఇస్తావని అడిగింది. మడత చెడకుండా విప్పితే ఎవరికి తెలుస్తాదన్నాడు. దేవుని ఎదుట ఒక్కసారైనా తన చీరలో నిలబడాలని బతిమాలాడు. మొగుడు బతిమాలడం ఆమె ఎరగనిది. ఆ మాటకే కరిగి మండపం చాటున కట్టుకుని వచ్చింది.

తను నేసిన చీర మనిషి ఒంటిమీద ఎలా ఉంటుందో మార్కండేయులు అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. గుడిలో జనం పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చారు. వెనక సంచి పట్టుకుని నడుస్తూ అతడు పొంగిపోయాడు. ఈమె నా పెండ్లాము, ఈ చీర నా చేతిదని అడగనివాడికి కూడా చెప్పాలనిపించింది. అడిగేవాడు వచ్చేదాకా ఆ ముచ్చట నిలిచింది.

దర్శనమయ్యాక చీర మార్చుకుందామని మళ్లీ మెట్ల దగ్గరికి వస్తే, ఎదురుగా ఆదినారాయణ శెట్టి, ఆయన భార్య. కూతురి శుభలేఖ రంగనాథుని పాదాల దగ్గర పెట్టడానికి మైసూరు నుంచి వచ్చారు. శెట్టి మార్కండేయులును పలకరిస్తూనే, నాలుగు మెట్లు పైన నిలబడ్డ అంజనమ్మ చీర అంచును చూశాడు.

"అది నేను చెప్పి నేయించిన చీర కదప్పా? ఆయమ్మ ఎవరు?"

కట్టి విప్పిన చీరను పెండ్లికి ఇచ్చేవాడని మైసూరు బజారులో ఒక్కమాట పొక్కితే మార్కండేయులు మగ్గానికే కాదు, ధర్మవరం మగ్గాలన్నిటికీ చెడ్డపేరు. తప్పైందని శెట్టి కాళ్లు పట్టుకుని ఉండొచ్చు. ఆ బుద్ధి పుట్టలేదు. ఊరంతటికీ బుద్ధులు చెప్పిన నోటికి ఆ క్షణాన అబద్ధమే దొరికింది.

"పెనుకొండ తట్టు పెద్ద రైతుల ఇంటామె, శెట్టిగారూ. ఒకే పడుగులో రెండు చీరలు దిగినాయి, ఒకటి వాళ్లకిచ్చినా. మీది సంచిలో భద్రంగా ఉండాది. దేవుణ్ణి చూపిద్దామని ఆయమ్మకు తోడొచ్చినా."

ప్రతి మాటా అంజనమ్మకు వినబడింది. శెట్టి భార్య మెట్లెక్కి పోయి ఆమె నొసట కుంకుమ పెట్టి, పెద్దింటి కళ ఎక్కడికి పోతుందని మెచ్చుకుంది. అంజనమ్మ మొగుడివైపు తిరిగింది.

"మార్కండేయులూ, ఆ సంచి తెచ్చి ఈడ పెట్టు."

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని నమ్మే మనిషి ఆమె. కొత్త కోడలిగా వచ్చిన రోజు ఆడబిడ్డలు గడప దగ్గర అడ్డం నిలిస్తే సిగ్గుతో గొణిగిందే, మళ్లీ ఆ పేరు ఆమె నోట రాలేదు. ఇప్పుడు గట్టిగా, జీతగాణ్ణి పిలిచినట్టు పిలిచింది. అతని పరువు నిలబెట్టడానికే పిలిచింది. మార్కండేయులు తల వంచుకుని మెట్లెక్కి సంచి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. అంత సిగ్గు అతను పుట్టి ఎరగడు.

శెట్టి దంపతులు గుడికి పోయాక ఆమె చీర మార్చుకుని, పాత మడతల వెంబడే మడిచి చేతికిచ్చింది. ఆయప్ప అట్ల అడిగేసరికి ఏం చేసేదని అతడు నసిగాడు. తెలుసులే అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మైసూరులో ఆమెను శెట్టికి చూపేందుకు లేదు. స్టేషన్ బెంచీ మీద ఒంటరిగా కూర్చోబెట్టి, చీర తీసుకుని అతనొక్కడే పోయాడు. చీరకు ఎవరూ వంక పెట్టలేదు. పైగా విస్తరి వేసి అన్నం పెట్టారు. ఆ రైతుల ఇంటామె మొగంలో లక్ష్మీకళ ఉందని శెట్టి భార్య మళ్లీ మళ్లీ అంటుంటే, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా తిన్నాడు. స్టేషన్‌లో ఉన్న అంజనమ్మ ఉదయం నుంచి ఏమీ తినలేదన్న సంగతి చెయ్యి కడుక్కుంటుంటే గుర్తుకొచ్చింది.

తర్వాత యుద్ధం వచ్చింది. పట్టు పారాషూట్లకు పోయి, మగ్గం మీదికి నూలు ఎక్కింది. అంజనమ్మ కావేరి మెట్ల సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. వండిపెట్టింది, కండెలు చుట్టింది. వీధిలో ఎవరైనా మార్కండేయులూ అని పిలిస్తే మాత్రం అతడు ఉలిక్కిపడేవాడు.

యుద్ధం ముగిసి పట్టు మళ్లీ దొరికిన ఏడు, అతడు ఎవరికీ చెప్పకుండా ఒక చీర నేశాడు. ఆకుపచ్చ, ఎర్ర అంచు. కండెలు కూడా తానే చుట్టుకున్నాడు. ఇది నీకేనని, అమ్మేది కాదని చెప్పి ఆమె చేతుల్లో పెట్టాడు. అంజనమ్మ అంచును వేళ్లతో తడిమి చూసింది. బాగుండాదంది. తర్వాత అతని మొగంలోకి చూసి, ఎగతాళి చేయడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఇది కట్టుకుంటే నన్ను ఎవరని చెప్తావు?"

నా పెండ్లామని చెప్తానే అనడానికి మార్కండేయులు నోరు తెరిచాడు. ఆ మాట అనకుండానే మగ్గం గుంటలోకి దిగాడు.