నిడదవోలు రేవులో ఎండేసిన పొరలు

ఎనభైల్లో ఒక మే నెలలో రాజమండ్రి నుంచి నిడదవోలు వెళ్లాను. సరదాకి కాదు, అక్కడ పెట్టిన మిషన్ ఎందుకు ఆగిపోయిందో చూసి రమ్మని మా ప్రొఫెసర్ పంపితే వెళ్లాను. నేనప్పుడు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని. ఏటా వేసవిలో మరమ్మతులకని కాలువ కట్టేస్తే చాకిరేవులో నీళ్లుండవు. అందుకని ఉతికిన నీళ్లనే పంపుతో పలచని పొరల గుండా తోసి, మురికి వడకట్టి, మళ్లీ ఉతకడానికి ఇచ్చే మిషన్ అది. నెల క్రితం బిగించాం, ఫోటోలు దిగాం, వచ్చేశాం.

ఆరున్నర పాసింజరుకి టికెట్టు రెండు రూపాయలు. గోదావరి వంతెన, కొవ్వూరు దాటి ఎనిమిదింటికి నిడదవోలులో దిగాను. రిక్షా అతను మూడు రూపాయలడిగాడు.

"రేవులో ఏముందండి, కాలవ కట్టేశారు కదా?"

"మిషన్ చూడాలి."

"ఆయ్, అదాండి. ఫోటోలు తీసిన్రోజు నేనూ చూశానండి. మళ్లీ ఎవరూ రాలేదు."

ఒళ్లు మండింది. అయినా అతనన్నదాంట్లో అబద్ధమేముంది?

మిషన్‌ని అప్పగించింది సత్తెమ్మకి. యాభై ఏళ్లుంటాయి. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని ఆవిడది. వారంలోగా ఉతికివ్వకపోతే ఆ పని టౌన్‌లో లాండ్రీకి ఇచ్చేస్తామన్నారట. నన్ను చూడగానే మొహం విప్పారింది. రేవు పక్కనే ఉన్న ఇంట్లోకెళ్లి తెల్లటి గుడ్డలో చుట్టిన పొరలు తెచ్చింది.

"జిడ్డు పట్టేసి నీళ్లు దిగలేదండి. విప్పి, సోడా వేసి ఉడకెట్టి, రెండుసార్లు జాడించి ఎండేశాను. మీ సొమ్ము కదా బాబూ, జాగ్రత్తగా మడతెట్టి ఉంచాను."

గుడ్డ విప్పితే అప్పడాల్లా పెళుసుబారి ఉన్నాయి. పట్టుకుంటే విరిగాయి. ఆ పొరలు ఎప్పుడూ తడిలోనే ఉండాలి, సోడా అసలు తగలకూడదు. ఆ సంగతి మిషన్‌కి అంటించిన కాగితం మీద ఉంది, ఇంగ్లీషులో. టైపు చేసింది నేనే. రైలు తప్పిపోతుందని, ఆవిడకి ఒక్క ముక్క తెలుగులో చెప్పకుండా వెళ్లిపోయిందీ నేనే.

"సాయంత్రానికి నీళ్లొస్తాయాండి?"

"ఎండితే ఇవి పనికిరావమ్మా. వేరేవి లేవు."

ఆవిడ విరిగిన ముక్కలు ఏరి మళ్లీ గుడ్డలో చుట్టింది.

"ఉతికితే పాడయ్యేదాన్ని చాకలోళ్లకి ఎందుకిచ్చారండి?" అంది, కోపం లేకుండా.

బయల్దేరుతుంటే మజ్జిగిచ్చి, "తప్పు నాది కాదని ఆసుపత్రోళ్లకి రెండు ముక్కలు రాసిస్తారా?" అనడిగింది. ప్రొఫెసర్‌గారిని అడిగి పంపిస్తానన్నాను. పంపలేదు. ఆయన రిపోర్టులో 'వాడేవారి అజ్ఞానం వల్ల' అని రాశారు, నేను మారుమాట్లాడకుండా టైపు చేశాను. మిషన్‌ని వెనక్కి తెచ్చిన లారీ డ్రైవరు చెప్పాడు, ఆవిడ పని పోయిందని.

ఇప్పుడు మా వంటింట్లో మంచినీళ్ల మిషన్ ఉంది. లోపల అలాంటి పొరే. ఏడాదికోసారి మార్చడానికొచ్చే అతను ఏం చేయాలో, ఏం చేయకూడదో నాకు విడమరిచి తెలుగులో చెబుతాడు. వింటుంటే సిగ్గుతో చచ్చిపోతాను. నిడదవోలు వెళ్లేవాళ్లకి ఒక్క మాట: మేలో వెళ్లకండి, కాలువకి నీళ్లు వదిలాక వెళ్లండి. రేవుకి దారి ఎవరినడిగినా చెబుతారు. సత్తెమ్మ తాలూకు వాళ్లెవరైనా ఉంటే పలకరించండి. నా పేరు మాత్రం చెప్పకండి.