కోత పండగకి ఎవరి పత్తి?

మొన్న మా మనవరాలు స్కూల్లో మొలిపించిన పత్తి మొక్కని కుండీతో సహా తెచ్చి ఏలూరులోని మా ఇంటి బాల్కనీలో పెట్టింది. పొద్దున లేత పసుపుగా విచ్చిన పువ్వు మర్నాటికి గులాబీ రంగుకి తిరిగింది. "ఎంత బాగుందో కదా నానమ్మా!" అంది. బాగానే ఉంది. నాకు మాత్రం దాన్ని చూడగానే మా తోడికోడలు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

కామవరపుకోట దగ్గర మా చేనూ, మా మరిది చేనూ పక్కపక్కనే ఉండేవి. ఏటా చర్చిలో కోత పండగకి మా ఇంటి తరఫున తొలి పత్తి ఒక్క బుట్టే వెళ్ళేది. ఎవరి చేలోది వెళ్ళాలో మా అత్తగారు గట్టు వెంట నడిచి చూసి తేల్చేవారు. ఏటా చిన్నకోడలిదే! ఆవిడ ఆ బుట్ట పట్టుకుని ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వితే, నేను కీర్తనలో చరణం తప్పేదాన్ని. ఒక్కసారి నా బుట్ట వెళ్ళాలి. అంతకన్నా ఏం కోరాను గనక!

పురుగు పట్టదని చెప్పే బీటీ పత్తి కొత్తగా వచ్చిన రోజులవి. విత్తనాల డబ్బాలో పెద్ద ప్యాకెట్టుతోపాటు మామూలు పత్తి గింజల చిన్న ప్యాకెట్టు ఒకటి ఉండేది, చేను చుట్టూ వేయమని. పురుగు వాటి మీద పడి బతికితే బీటీకి అలవాటు పడదట, బీటీ చాన్నాళ్ళు పనిచేస్తుందట. మా మరిదితో సహా ఊరంతా దాన్ని అవతల పారేసింది. మా ఆయనకి మాత్రం కాగితం మీద ఏం రాసి ఉంటే అదే బైబిలు వాక్యం. శ్రద్ధగా చుట్టూ వేశారు. లోపల చేను తెల్లగా విరగకాసింది. గట్టు వెంట మాత్రం పురుగు ఒక్క కాయనీ వదల్లేదు. అత్తగారు నడిచేది గట్టు వెంటేనాయె!

"ఈ పురుగు కాయలా, పెద్దమ్మాయ్, దేవుడికిచ్చేది? చిన్నమ్మాయిదే తీసుకెళదాంలే" అన్నారు.

"ఒక్కసారి లోపలికొచ్చి చూడండి అత్తయ్యగారూ."

"నా మోకాళ్ళు సహకరించొద్దూ!"

ఊరుకుంటానా? ఆదివారం పొద్దున్నే చేను మధ్యలోంచి ఏరి, బుట్ట నింపి, తీసుకెళ్ళి చర్చిలో తోడికోడలి బుట్ట పక్కనే పెట్టాను. నాదే తెలుపు! తోడికోడలు ముఖం చిన్నబోవడం కళ్ళారా చూశాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో! ఇక అత్తగారు ఇటు తిరగడమే తరువాయి. ఇంతలో పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, రెండు బుట్టలూ ఎత్తి ఒకే గోనెసంచిలో కుమ్మరించేశారు. "అంతా దేవుడిదేనండి!" అన్నారు నవ్వుతూ. అప్పుడు తిరిగారు అత్తగారు.

ఆ చేలు రెండూ ఇప్పుడు పామాయిల్ తోటలు. తోడికోడలూ నేనూ ఏలూరులో ఒకే వీధిలో ఉంటున్నాం. ఇన్నేళ్ళకి తెలుపులో నేనే గెలిచాను. నా తల ముగ్గుబుట్టయింది, ఆవిడ జుట్టు ఇంకా నల్లగా నిగనిగలాడుతోంది. కాలానికి కూడా చిన్నకోడలే ముద్దు!