పళ్ల డాక్టరు వెనక గది

సొంత గదికి వెళ్లాలంటే ఆ దర్జీ ముందు పళ్ల డాక్టరు దగ్గర టోకెను తీసుకోవాలి. టోకెను లేనిదే ఎవరినీ లోపలికి పంపొద్దని రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికి ఆజ్ఞ. ఆ అమ్మాయి ఆజ్ఞల్లో మినహాయింపులు వెతికే రకం కాదు. అందుకని చంకలో చీపురు, చేతిలో తాళంచెవి పెట్టుకుని ఆయన రోజూ బుగ్గలు వాచినవాళ్ల మధ్య కూర్చుంటాడు. నంబరు పిలిచాక లోపలికి వెళ్లి, కుర్చీకీ వాష్‌బేసిన్‌కీ మధ్య పక్కవాటుగా నడిచి, నోరు తెరుచుకుని పడుకున్న మనిషికి ఓ నమస్కారం పెట్టి, తన తలుపు తీసుకుంటాడు. ఊడుస్తాడు. కిటికీ తెరిచి కాసేపు నిలబడతాడు. మళ్లీ తాళం వేసుకుని వచ్చేస్తాడు. తిరుగు ప్రయాణానికి టోకెను అక్కర్లేదు.

వీధిలో ఆయన్ని అంగుళం మాస్టారు అంటారు. చొక్కా పొడవు ఒక్క అంగుళం అటూ ఇటూ అయినా, కుట్టించుకున్నవాడు ఊరుకున్నా, తను ఊరుకోడు. విప్పి మళ్లీ కుడతాడు. అలా ఒకే మిషను మీద సగం వీధి ఒంటికి బట్ట అమర్చాడు. కొన్నాళ్లుగా మాత్రం సూదిలో దారం భార్య ఎక్కించాల్సి వస్తోంది. కళ్ల డాక్టరు నాన్చకుండా చెప్పేశాడు: చూపుకేం ఢోకా లేదు, సూది పని మాత్రం ఎక్కువకాలం సాగదు. మిషను ఆగిపోయే రోజుకి నెలనెలా అద్దె వచ్చేది ఒకటి ఉండాలని, దాచుకున్నదంతా పెట్టి ఆయన ఆ గది కొన్నాడు. ఇది తెలివితక్కువ ఆలోచన కాదు. తెలివితక్కువతనం ఆ తర్వాత మొదలైంది.

గది కబురు తెచ్చింది బావమరిది. అతను నీళ్ల మోటార్లు అమ్ముతాడు. పుట్టి బుద్ధెరిగాక జానెడు స్థలం కొనలేదు కాబట్టి స్థలాల్లో ఎన్నడూ నష్టపోలేదు. ఆ అనుభవంతోనే అందరికీ సలహాలిస్తాడు. అతని వెంట వచ్చిన బ్రోకరు అరచేతిలో వైకుంఠం చూపించి, సాయంత్రానికల్లా ఇంకో పార్టీ అడ్వాన్సు పట్టుకుని వస్తోందన్నాడు. ఆ ఇంకో పార్టీ ఇప్పటిదాకా ఎవరి కంటా పడలేదు.

అది మొదటి అంతస్తు. చూడటానికి వెళ్లిన ఆదివారం ముందు గదీ వెనక గదీ రెండూ ఖాళీ, రెండింటికీ యజమాని ఒక్కడే, మధ్య తలుపు బార్లా తెరిచి ఉంది. దర్జీ ముందు గదిలోంచి నడిచి వెనక గదిలోకి వెళ్లి, మెడలోంచి టేపు తీశాడు. పొడవు, వెడల్పు, ఎత్తు, మూల నుంచి మూలకి, కిటికీ, అలమర లోతు అన్నీ కొలిచాడు. బ్రోకరు చెప్పినదానికంటే వెడల్పు రెండంగుళాలు తక్కువని పట్టుకున్నాడు. కిటికీ గడియ విరిగిందని పట్టుకున్నాడు. ఆ రెండిటికీ ధర తగ్గించేదాకా అక్కణ్నుంచి కదల్లేదు. మనిషిని ఎలా కొలుస్తాడో గదినీ అలాగే కొలిచాడు. కొలతలకి నిలబడ్డ మనిషి కొట్లోకి ఏ దారిన వచ్చాడో దర్జీ అడగడు. గదిలోకి ఏ దారిన రావాలో కూడా అడగలేదు.

రిజిస్ట్రేషన్ అయిన కొద్ది రోజులకే పాత యజమాని ముందు గదిని పళ్ల డాక్టరుకి అమ్మేశాడు. వెనక గదికి ఉన్న తలుపు ఆ ఒక్కటే. అప్పటికి దర్జీ గదికి పాలరాయి వేయించే పనిలో ఉన్నాడు. మంచి గదికి మంచి అద్దె వస్తుందని బావమరిది చెబితే, పైకప్పు కింద ఇంకో కప్పు, అందులో గుండ్రటి దీపాలు కూడా పెట్టించాడు. అద్దె లెక్క ఏడాదికి పన్నెండు నెలలకీ వేసుకున్నాడు. ఖాళీ నెల అనేది ఆ లెక్కలో లేదు, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు అంతకన్నా లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మేస్త్రీలు చివరి రాయి పరిచి దిగుతుంటే డాక్టరు మనుషులు కుర్చీ మోసుకుని ఎక్కారు. తలుపుకి ఎదురుగా పెట్టి నేలకి బోల్టులు బిగించారు.

డాక్టరు చెడ్డవాడేం కాదు. వెనక గదివాళ్లు రాకపోకలు చేసుకోవచ్చని కాగితంలో ఉందని ఒప్పుకున్నాడు.

"రండి మాస్టారూ, వెళ్లండి, నేనెందుకు వద్దంటాను? కుర్చీ మాత్రం జరపలేను. కింద పైపులున్నాయి," అన్నాడు.

ఆ పూట ఇంట్లో భార్య సూదిలో దారం ఎక్కించి ఇస్తూ అంది: "ఇన్నేళ్లు చొక్కాలు కుట్టారు. మెడ తీయకుండా ఒక్కటైనా కుట్టారా? అలాంటిది కొనుక్కుని ఎలా వచ్చారండీ?"

ఆల్టర్ చేద్దామన్నాడు దర్జీ. బట్ట చెడిపోవడం ఆయన వృత్తిలో ఉండదు, ఆల్టర్ చేయడమే ఉంటుంది. ముందుగా కిటికీని ద్వారం చేసి వెనక సందులోంచి మెట్లు కట్టిద్దామనుకున్నాడు. మేడ అందం పోతుందని అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు ఒప్పుకోలేదు. నిచ్చెన మెట్ల లెక్కలోకి రాదని బావమరిది వాదం తీశాడు. తనే ఓ నిచ్చెన తెచ్చి, గది చూడటానికి వచ్చిన ఆడిటరుని ఎక్కించాడు. ఆడిటరు భారీ మనిషి. సగం గదిలోకి వచ్చాడు, మిగతా సగం సందులోనే ఉండిపోయింది. లోపలి నుంచి దర్జీ, పళ్ల డాక్టరు, నోట్లో దూది పెట్టుకున్న ఓ పేషెంటు కలిసి లాగారు. కింద నుంచి బావమరిది తోశాడు. బయటపడ్డాక ఆడిటరు ముందు నేల చూసి పాలరాయి బాగుందన్నాడు. తర్వాత మర్యాదగా టోకెనుదారుల మధ్యలోంచి నడిచి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

ఒక ఇన్సూరెన్సు ఏజెంటు మాత్రం నిజంగానే దిగాడు. పక్క గదిలో భయపడుతున్న జనం ఉండటం తన వ్యాపారానికి కలిసొస్తుందని అతని అంచనా. అంచనా తప్పలేదు. సూది చూసి హడలిన పేషెంట్లు, తాము వచ్చింది ఇన్సూరెన్సు కోసమని చెప్పి కుర్చీ దిగి వెనక గదిలోకి జారుకునేవాళ్లు. పన్ను పీకించుకోవడం తప్పించుకోడానికి ఒకాయన వరసగా రెండు పాలసీలు కట్టాడు. డాక్టరు మొహం మాడ్చుకున్నాడు. దర్జీ మొదటి అద్దె అందుకుని కొత్త కళ్లజోడు చేయించుకున్నాడు. అంతలో ఏజెంటు పనితీరు చూడటానికి కంపెనీ పెద్ద ఆఫీసరు వచ్చాడు. రిసెప్షన్ అమ్మాయి ఆయనకీ టోకెను ఇచ్చింది. నంబరు రాగానే కుర్చీలో కూర్చోబెట్టింది. ఇది తన హోదాకి చేస్తున్న మర్యాదనుకుని ఆయన నోరు తెరిచాడు. పళ్లన్నీ శుభ్రం చేయించుకుని, బిల్లు కట్టి, ఏజెంటుని చూడకుండానే వెళ్లిపోయాడు. ఆ చిరునామాలో ఆఫీసే లేదని ఆయన రాయడంతో, వారం తిరక్కుండా ఏజెంటు గది ఖాళీ చేశాడు.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. మెయింటెనెన్సు బిల్లు మాత్రం తప్పకుండా వచ్చేది. అది కట్టడానికి దర్జీ కాలేజీ యూనిఫారాల పని ఒప్పుకున్నాడు. దేన్ని తగ్గించుకోవాలని గది కొన్నాడో ఆ పనే ఎక్కువైంది. నల్ల బట్ట మీద నల్ల దారం కనపడక, ఒక ప్యాంటుకి రెండు కాళ్లూ కలిపి కుట్టేశాడు. భార్య ఆ కుట్టంతా విప్పింది.

చివరికి ఆయనకే దవడ పన్ను సలుపు పుట్టింది. ఈసారి టోకెను పంటి కోసం తీసుకున్నాడు. భార్య తోడు వచ్చింది. డాక్టరు మత్తు సూది వేసి, మొద్దుబారేదాకా ఆగాలని చెప్పి, కళ్లద్దాల్లోంచి వెనక తలుపు వైపు చూశాడు. తనకు ఎక్స్‌రే మిషను పెట్టుకోడానికి చోటు కావాలని, గది తనకే ఇమ్మని అడిగాడు. చెప్పిన అద్దె దర్జీ అనుకున్నదాంట్లో నాలుగో వంతు.

దర్జీ చెయ్యెత్తి అడ్డంగా ఊపాడు.

"నొప్పిగా ఉందా?" అని డాక్టరు ఇంకో సూది వేశాడు.

దర్జీ వేళ్లు చూపించి తన అద్దె చెప్పబోయాడు. ఎన్నో పన్నో చెబుతున్నాడనుకుని డాక్టరు అద్దం పెట్టి వెతికాడు. దర్జీ నోట్లోంచి వస్తున్న శబ్దానికి, బయట కూర్చున్న భార్య టోకెను లేకుండానే లోపలికి వచ్చింది. రిసెప్షన్ అమ్మాయి వెనకే పరిగెత్తుకొచ్చింది. డాక్టరు సంగతంతా మళ్లీ చెప్పాడు. ఆ గదికి దారి లేదు కదమ్మా, అంతకంటే ఎవరిస్తారన్నాడు.

"నోరు ఆయనకి మొద్దుబారింది డాక్టరు గారూ, నాక్కాదు," అంది ఆమె. "బయటివాళ్లకి దారి లేదు, నిజమే. మీకుందిగా. మీ కుర్చీలోంచి లేచి రెండడుగులేస్తే గది. ఇంత దగ్గర గది మీకు ఊళ్లో ఇంకెక్కడ దొరుకుతుందో చెప్పండి, మేం తాళం వేసుకుని పోతాం."

డాక్టరు తలుపు వైపు ఇంకోసారి చూశాడు. బేరం దర్జీ తల మీదుగా నడిచింది. ఆయన నోరు తెరుచుకుని ఒకసారి భార్య వైపు, ఒకసారి డాక్టరు వైపు చూస్తూ పడుకున్నాడు. అద్దె ఆయన వేసుకున్న లెక్కలో సగానికి కాస్త పైన తేలింది. మెయింటెనెన్సు డాక్టరే కట్టుకోవాలి. ఎక్స్‌రే మిషను రావడం ఆలస్యమైనా అద్దె ఒకటో తారీఖు నుంచే. ఈ చివరి మాట ఒప్పుకునేదాకా పన్ను పీకనివ్వనని ఆమె కుర్చీ పక్కనే నిలబడింది.

ఒకటో తారీఖున అద్దె వచ్చింది. పన్ను పీకిన ఫీజు అందులోంచి పట్టుకుని మిగతాది డాక్టరు కవరులో పెట్టి పంపాడు. దర్జీ యూనిఫారాల పని మానేశాడు. ఇప్పుడు కొలతలు తీసుకుని కత్తిరించడం వరకే చేస్తున్నాడు. కుట్టు, కాజాలు బయటికి ఇస్తున్నాడు. వచ్చే ఆదివారం బావమరిది ఇంకో గది చూపిస్తానన్నాడు. చూడటానికి దర్జీ భార్య ఒక్కతే వెళ్తోంది.