చచ్చిపోయిన బెలార్మినో పాయింట్లు

వాల్పరాయిసోలో మా కొండమీద, ఆదివారం ప్రార్థన అయ్యాక ఒర్తెన్సియా అమ్మే, కజ్జికాయల్లా మాంసం కూరి కాల్చిన ఎంపనాడాలు తినకపోతే ప్రార్థనకి వెళ్ళనట్టే లెక్క. "ఇంకొకరి చేతిది నా గొంతు దిగదే" అనేవాడు మొగుడు బెలార్మినో, పోయిన రోజు పొద్దున కూడా. ఆ మాటే ఆవిడకి ఆస్తి.

ఆయన పోయాక ఆవిడ మణికట్లు మొరాయించాయి. పిండి పిసకలేక, కొండ దిగి సూపర్‌మార్కెట్‌లో గడ్డకట్టిన ఎంపనాడాలు కొని తెచ్చేది. అంచులు తనే మళ్ళీ మడిచి, గుడ్డుసొన పూసి కాల్చి, తన చేతివే అని అమ్మేది. కార్డు గీకగానే కౌంటరు పిల్ల వరసంతా వినబడేలా అరిచేది: "పాయింట్లకి గుర్తింపు నంబరు చెప్పండి!"

చెబితే కొన్నవన్నీ కొట్టు లెక్కల్లో తన పేరున ఎక్కుతాయి, గుట్టు రట్టవుతుంది. వద్దంటే సరిపోయేది. కానీ కొన్నకొద్దీ ఉత్తినే వచ్చే, తర్వాత డబ్బులా వాడుకునే పాయింట్లు వదులుకునే మనిషి మా కొండమీద ఇంకా పుట్టలేదు. బాగా ఆలోచించి మొగుడి నంబరు చెప్పింది. చచ్చినవాడికి గుట్టేమిటి? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అలా కొన్నేళ్ళు సాగింది.

ఓ ఆదివారం ప్రార్థన అయ్యి జనం తింటుండగా, సరిగ్గా ఆవిడ అమ్మకాల బల్ల ముందే సూపర్‌మార్కెట్ బండి ఆగింది. మైకు మోగింది. "మా గడ్డకట్టిన ఎంపనాడాలు అందరికంటే ఎక్కువ కొన్న బెలార్మినో గారికి పెద్ద ఫ్రీజరు బహుమతి!"

అందరికంటే ముందు పక్కింటి నోల్ఫా తేరుకుంది.

"ఏం వదినా, అన్నయ్య బతికే ఉన్నాడా?"

"పాతిపెట్టినప్పుడు నువ్వూ వచ్చావు కదే!"

"శవప్పెట్టె మూసే ఉందిగా! ఎవత్తి కొంపలోనో కూచుని కొట్టు సరుకు మెక్కుతున్నాడన్నమాట, నీ చేతివి కాదని!"

గుట్టు బయటపడుతుందని ఇన్నాళ్ళూ వణికిన మనిషి, ఈ మాట మాత్రం పడలేకపోయింది.

"నోర్ముయ్! నా చేతివి తప్ప ఆయన ముట్టి ఎరగడు. కొన్నది నేను! మీరు తింటున్నవీ అవే!"

నోల్ఫా చేతిలోది ఇంకాస్త కొరికి, కళ్ళు తుడుచుకుంది. "చూశారా, అంత ద్రోహం చేసినవాణ్ణి ఎలా వెనకేసుకొస్తోందో! ఈ రుచి కొట్టుదేనట!"

ఆ వారం జాలికొద్దీ ఆర్డర్లు రెట్టింపయ్యాయి. ఒర్తెన్సియా మళ్ళీ కొండ దిగింది. కార్డు గీకి, కౌంటరు పిల్ల అడక్కముందే తన సొంత పేరు, సొంత నంబరు కొట్టంతా వినబడేలా అరిచింది. "ఇవన్నీ కొనేది నేను! నా మొగుడు కాదు!"

వరసలో వెనకే ఉన్న నోల్ఫా వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"పాపిష్టివాడు! తిండి ఖర్చు కూడా నీ కార్డు మీదే పెట్టాడా వదినా?"