మంద లెక్క అడిగిన యాప్

మా అక్క ఆర్నెల్లు కూర్చుని ఒక యాప్ తయారుచేసింది. గొర్రెలకు నట్టల మందు ఎప్పుడు తాపాలో, టీకా ఎప్పుడు వేయించాలో కాపరికి గుర్తుచేసే యాప్. అందులో నేను పరీక్షాధికారిని. అంటే ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటిలో దాన్ని తెరిచి, మూసి, బాగుందని చెప్పేవాణ్ణి. జీతం టీ.

యాప్ స్టోర్ వాళ్ళకు ఒక నిబంధన ఉంది. కొత్తవాళ్ళు ముందు పన్నెండు మందికి యాప్ ఇచ్చి, పద్నాలుగు రోజులు వరుసగా ఉంచాలి. మధ్యలో ఒక్కరు తీసేసినా మళ్ళీ మొదటి రోజే. మడకశిర వైపు గొర్రెలు మేపే మా మేనమామ, ఆయన తోటి కాపర్లు కలిసి సరిగ్గా పన్నెండు మంది తేలారు. అమ్మ తానూ ఉంటానంది. గొర్రెలు లేనివాళ్ళు వద్దంది అక్క. వానలకు ముందు టీకాలు మొదలవుతాయి. ఆలోపు యాప్ స్టోర్‌లోకి ఎక్కకపోతే ఈ ఏడాదికి అక్క కష్టం ఉత్తదే.

మూడో రోజు చూస్తే, పన్నెండు మందీ యాప్ తెరిచారు, ఒక్కరూ మొదటి పేజీ దాటలేదు. సర్వర్ పోయిందని నేను ప్రకటించాను. సర్వర్ అంటే ఏమిటో నాకు సరిగా తెలియదు, కానీ ఇలాంటప్పుడు ఎవరో ఒకరు ఆ మాట అనాలి. అక్క ఛార్జర్ సంచిలో వేసుకుని బస్సెక్కింది. అధికారిని కాబట్టి నేనూ ఎక్కాను.

మామ దొడ్డి దగ్గర కంబళి పరిచాడు. అక్క ఆయన చేతికి ఫోనిచ్చి, ఇక నోరు విప్పలేదు. ఎక్కడ నొక్కాలో చూపించాలని నా వేలు లేచింది. అక్క దాన్ని గిల్లింది. తాను పక్కన లేనప్పుడు ఆయన ఎలా వాడతాడో అదే చూడాలట. మొదటి పేజీలో "మందలో గొర్రెలెన్ని?" అని ఉంది. మామ దాన్ని చాలాసేపు చూసి, ఫోన్‌ను కంబళి మీద బోర్లించాడు.

"ఇట్లా అడగచ్చునా పాపా? లెక్క బయటికి చెప్తే మంద నిలుస్తాదా?"

యాప్ దిష్టి తగలదని, దానికి కళ్ళే లేవని నేను నచ్చజెప్పబోయాను. మామ నా వైపు చూడలేదు. ఇంకో రెండు రోజులు చూసి తీసేద్దామని అందరూ అనుకుంటున్నారని అక్కకు చెప్పాడు.

"మరి ఒకటి తప్పిపోతే ఎట్ల తెలుస్తాది మామా?"

"చూపిస్తా, ఉండు."

పొద్దు వాలేసరికి అత్త మందను తోలుకొచ్చింది. మామ దొడ్డి వాకిట్లో నిలబడి, లోపలికి దూరే ప్రతి గొర్రె వీపునూ తడిమాడు. లెక్కపెట్టలేదు. చివర్న, "సగం చెవిది రాలే," అని వెనక్కి నడిచి, కాసేపటికి దాన్ని వెంటబెట్టుకొచ్చాడు. నాకైతే ఆ మందలో నల్లవీ తెల్లవీ తప్ప ఎవరూ కనబడలేదు.

మందకంతటికీ ఎంత మందు కావాలో లెక్కకట్టే భాగమంటే అక్కకు ప్రాణం. దానికే రెండు నెలలు పట్టింది. గొర్రెల సంఖ్య లేకుండా అది పనిచేయదు. తిరుగు బస్సులో, ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని, దాన్ని మొత్తం తీసేసింది. ఆ చోట ఒకటే ప్రశ్న పెట్టింది: "అన్నీ వచ్చినాయా?" కింద రెండు మీటలు, "వచ్చినాయి", "రాలేదు". ఆమెను ఓదార్చడానికి నేను బరువైన మాట ఒకటి వెతుకుతుండగా, శనక్కాయలున్నాయా అని అడిగింది. ప్రాణమైనదాన్ని అంత నిమ్మళంగా వదిలిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

పద్నాలుగో రోజుకు పన్నెండు మందీ ఉన్నారు. ఈ పరీక్షలో ఏం నేర్చుకున్నారని స్టోర్ వాళ్ళు అడిగితే, "అడగకూడనిది అడిగాం, తీసేశాం" అని రాసింది అక్క. నేనైతే రెండు పేజీలు రాసేవాణ్ణి. వారానికల్లా అనుమతి వచ్చింది.

మర్నాడు మామ ఫోన్ చేసి, యాప్ ఎంతమంది తీసుకున్నారని అడిగాడు.

"లెక్క బయటికి చెప్పగూడదు మామా," అంది అక్క.

అవతల మామ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. నిజానికి దాచేంత లెక్కేమీ కాదు. పదమూడు. ఆ పదమూడోది అమ్మ. మాకు గొర్రెల్లేవు. అయినా సాయంత్రం మేమిద్దరం ఇల్లు చేరగానే, "వచ్చినాయి" అని నొక్కుతుంది.