అడగకుండా రాసిన జవాబు

రేపల్లె అవతల ఓ పల్లెలో నేను నర్సమ్మను. గర్భిణుల కార్డులో ఒక ప్రశ్న ఉంటుంది: మద్యం అలవాటు ఉందా? అత్తగారి ఎదుట కోడలిని ఆ మాట అడగడమంటే కొరివితో తల గోక్కోవడమే. అందుకని ఎవరినీ నొప్పించకుండా, ఇంటి దగ్గరే కూర్చుని అన్ని కార్డుల్లోనూ ముందుగా ‘లేదు’ అని రాసుకుని వెళ్లేదాన్ని. బాపట్ల మీటింగులో నా కార్డులు తిరగేసి, ఒక్క ఖాళీ కూడా వదల్లేదని అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ రోజు బస్సులో నిలబడి వచ్చినా కాళ్లు నొప్పి పుట్టలేదు.

ఈ ఏడు తెనాలిలో అచ్చువేయించిన పోస్టర్లు వచ్చాయి. పొడవాటి కాడ ఉన్న గాజు గ్లాసు, అందులో ఎర్రటిదేదో, పక్కన జుట్టు కత్తిరించుకున్న గర్భిణి, అన్నింటి మీదా అడ్డంగా ఒక గీత. మా ఊళ్లో అలాంటి గ్లాసూ లేదు, అలాంటి జుట్టూ లేదు. అంటించమన్నారు కాబట్టి, అయిదో నెల కోడలున్న ఓ ఇంటి గోడకు అంటించాను.

ఆ ఇంటి అత్తగారు బొమ్మను చాలాసేపు చూసి బుగ్గలు నొక్కుకుంది.

“కడుపుతో ఉండి తాగుతారంటమ్మా? సిగ్గులేకపోతే సరి! వీళ్ల అత్తలు ఏం చేస్తున్నారో!”

అంటూనే ముంతలోంచి కోడలికి గ్లాసు నిండా తాటికల్లు వంచింది. ఆమె లెక్కలో అది మద్యం కాదు, చలవ. ఎండన పడి వచ్చానని నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి సగమే తాగాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ అమ్మాయికి తొలికాన్పులో బిడ్డ మరీ సన్నగా పుట్టి, వారం తిరక్కుండానే పోయింది. ఆ బిడ్డను తూచింది నేనే. నాకు భయం వేసింది.

“పెద్దమ్మా, పాత కార్డు ఉంటే తెచ్చిపెట్టండి” అని అత్తగారిని లోపలికి పంపి, కోడలిని మెల్లగా అడిగాను.

“ఇది రోజూ తాగుతావా అమ్మా?”

“రోజుకొక గ్లాసండి.”

“పోయినసారి కూడానా?”

“అప్పుడు రెండండి. బిడ్డ తెల్లగా పుడుతుందని అత్తమ్మ పోసేదండి. ఏంటండి, మంచిది కాదా?”

“కాదమ్మా. కల్లు కూడా మద్యమే. నువ్వు తాగింది లోపలి బిడ్డకూ చేరుతుంది. ఇక చుక్క కూడా వద్దు.”

అత్తగారు కార్డుతో గుమ్మంలోనే ఆగిపోయింది. అంతా విన్నది. ఆ బిడ్డ కల్లు వల్లే పోయిందని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను. ఆమె కార్డు నా చేతిలో పెట్టింది. మద్యం ప్రశ్న ఎదుటి గడిలో గుండ్రటి నా చేతిరాత: ‘లేదు’. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

“నాకు చదువు రాదమ్మా” అంది. “అప్పుడే ఒక్క మాట అడిగుంటే నేను పోసేదాన్నా?”

కోడలి చేతిలో గ్లాసు తీసుకుని పెరట్లో పారబోసింది. తిరిగొచ్చి, నా చేతిలోదీ తీసుకుంది.